పెరటి కూరతోటలో ఆకులు తిను పురుగులు: వాటిని గుర్తించుటయు, నివారించుటయు

రైతుల యిండ్లలో పెరటితోట చిన్నదే యైనను దాని ప్రయోజనము చిన్నది కాదు. బావిచెంత రెండు గుంటల నేలలో వంగ, బెండ, టమాట, తోటకూర, గోంగూర, పందిరిమీద సొర, బీర, పొట్ల, గట్టుమీద మునగ, కరివేప యుండెనేని సంతకు పోకుండనే యింటిల్లిపాదికి కూర జరుగును. పొలములో పంట చెడినయెడల నష్టము ధాన్యమునకు, ధనమునకు పరిమితమగును. పెరటితోటలో జరుగు పొరపాటు మాత్రము నేరుగా వంటయింటిలోనికి వచ్చును.

ఈ మాట చెప్పుటకు కారణము కలదు. వంగ ఆకులు జల్లెడవలె నగుట చూచిన రైతు తొందరపడి, ప్రత్తిచేనికై తెచ్చి మిగిల్చిన మందును అటక మీదినుండి దించి తోటపై చల్లుట తరచుగా జరుగుచున్నది. ఏ పురుగు తిన్నదో విచారింపడు. ఆ మందు కూరగాయలకు తగునో తగదో చూడడు. మఱునాడే యింటివారు కాయలు కోసి వండుదురు. పురుగు చచ్చెనో లేదో గాని, విషము పిల్లల కంచములోనికి చేరును. అందువలన పురుగును చంపుటకు ముందు దానిని గుర్తెఱుగుట రైతునకు ప్రథమ కర్తవ్యము. గుర్తు తెలిసినపుడు పెరటితోటలోని ఆకుతిను పురుగులలో హెచ్చుభాగము చేతితోను, బూడిదతోను, వేపగింజలతోను లొంగునవే యని విశదమగును.

1. ఆకులు తిను పురుగుల స్వభావము

తోటకు హాని చేయు పురుగులు ముఖ్యముగా రెండు తెగలు. మొదటి తెగవి సూదివంటి నోటితో రసమును పీల్చును. పేనుబంక, పచ్చదోమ, తెల్లదోమ యీ తెగలోనివి. ఇవి పీల్చిన ఆకు ముడుచుకొనును లేక పసుపుబాఱును గాని దానికి చిల్లులు పడవు. రెండవ తెగవి దవడలతో ఆకును కొఱికి నమలును. చిల్లులు, కొఱికిన అంచులు, గీకిన పొరలు, ఆకులపై నల్లని గుండ్రని పెంటికలు వీటి గుర్తులు. ఈ వ్యాసమున రెండవ తెగను గూర్చి మాత్రమే చెప్పబడుచున్నది.

సీతాకోకచిలుకలు, రెక్కల పురుగులు, పెంకుపురుగులు నాలుగు దశలలో జీవించును: గ్రుడ్డు, పిల్లపురుగు, కదలక పడియుండు కోశదశ, రెక్కలు గల పెద్దపురుగు. సీతాకోకచిలుకలయొక్కయు, రాత్రి దీపమునకు వచ్చు రెక్కల పురుగులయొక్కయు పిల్లపురుగులే ఆకులను తినును. రెక్కలు వచ్చిన పిమ్మట అవి ఆకు ముట్టవు. పెంకుపురుగులలో పెద్దవియు తినును. మిడుతలకు కోశదశ లేదు. పిల్లలును పెద్దవియు నొకే తీరున తినును.

ఈ భేదము తెలిసిన రైతునకు ఒక లాభము కలదు. గ్రుడ్డు కదలలేదు, అప్పుడే పొదిగిన పిల్లలు గుంపు విడువలేవు. ఆ సమయమున ఒక ఆకును త్రుంచిన చాలును, రెండువందల పురుగులు పోవును. వారము దినములు జాగుచేసినచో అవే రెండువందలు తోటయంతయు వ్యాపించును. కావున తోటలో తిరిగి చూచుటయే సగము వైద్యము.

2. ఆకును చూచి పురుగును తెలిసికొనుట

ఆకుపై పచ్చదనము గీకబడి ఈనెలు మాత్రము మిగిలి, వలవలె కనబడినయెడల అది వంగ, టమాట, కాకర మొదలగువానిపై అక్షింతల పురుగు పని. ఆకు తెల్లని పలుచని కాగితమువలె నై, అడుగున సన్నని పురుగులు గుంపుగా నుండినచో అది లద్దెపురుగు. సొర, గుమ్మడి, దోస మొలకల రెండాకులకు గుండ్రని చిల్లులు పడినచో అది గుమ్మడి పెంకుపురుగు. బెండ ఆకు బాకావలె చుట్టుకొనినచో లోపల ఆకుచుట్టు పురుగు కలదు. తోటకూర ఆకులు సాలెదారముతో అతుకుకొని గూడు కట్టినచో అది ఆకుగూడు పురుగు. క్యాబేజీ ఆకుపై పలుచని అద్దపు బిళ్ళలవంటి మచ్చలు కనబడినచో అది వజ్రపు రెక్కల పురుగు. ఆకులు తినబడి, నేలపై మెఱయు జిగురు చారలు కనబడినచో అవి పురుగులు కావు, నత్తలు.

పగటిపూట ఎంత వెదకినను ఏమియు కనబడక, తెల్లవారునప్పటికి క్రొత్త చిల్లులు పడుచుండినయెడల, రాత్రి దీపము పట్టుకొని చూడవలెను. లద్దెపురుగులు, నత్తలు పగలు మట్టిగడ్డల క్రిందను, చెత్తలోను దాగి, రాత్రి వెలువడి తినును.

3. ముఖ్యమైన పురుగులు

అక్షింతల పురుగు: ఇది అర్ధగోళాకారముగా, కందిగింజ ప్రమాణమున, రాగిరంగుతో నుండును. వీపుపై నల్లని చుక్కలు గలవు. ఒక జాతికి ఇరువదియెనిమిది చుక్కలు, మఱియొక దానికి పండ్రెండు చుక్కలు సాధారణము. పిల్లపురుగు పసుపువన్నె గలిగి, ఒడలంతయు కొమ్మలు గల ముండ్లతో నుండును. గ్రుడ్లు పసుపుపచ్చనివి, ఆకు అడుగున కుప్పగా, నిలువుగా నిలిపినట్లుండును. పిల్లలును పెద్దవియు ఆకును గీకి తినును. వారమునకు రెండు పర్యాయములు ఉదయమున ఆకుల అడుగుభాగము చూచి, గ్రుడ్లు, పిల్లలు, కోశములు గల ఆకులను త్రుంచి సబ్బునీటిలో వేయవలెను. పెద్దపురుగులు చెట్టు కదలించినంతనే క్రింద పడును గనుక చేటను క్రింద పట్టి దులుపవలెను.

గుమ్మడి పెంకుపురుగు: నారింజ ఎఱుపు రంగుతో మెఱయుచు, నిడుపుగా నుండును. గింజ మొలచి రెండాకులు విడిచిన దినము మొదలు నాలుగైదు ఆకులు వచ్చువఱకు దీనివలన ప్రమాదము మెండు. ఆ వయస్సున ఆకులు పోయిన మొక్క చచ్చును. ఆ పిమ్మట తీగ యెదిగి, కొంత తినినను తట్టుకొనును. ఆడుపురుగు మొక్క మొదట తేమగల మట్టిలో గ్రుడ్లు పెట్టును. పిల్లలు మట్టిలోనుండి వేళ్ళను, నేలను తాకు కాయలను తొలుచును. కావున పైన కనబడు పురుగును చంపుటతోనే పని ముగియదు. తెల్లవాఱుజామున చలికి మందగించి ఎగురలేనపుడు వీటిని ఏఱవలెను. మంచు ఆరకమునుపే మొలకలపై పిడకల బూడిదను జల్లెడపట్టి చల్లవలెను. వాన కురిసినచో మరల చల్లవలెను. పలుచని గుడ్డతోగాని, వెదురుతట్టతోగాని మొలకలను రెండు వారములు కప్పి యుంచుట మిక్కిలి మేలు. పంట తీసినవెంటనే తీగలను పీకి పాదులను లోతుగా త్రవ్వినచో మట్టిలోని పిల్లలును కోశములును ఎండకును పక్షులకును బలియగును.

లద్దెపురుగు: దీనిని పొగాకు లద్దెపురుగు అనియు అందురు. పొగాకు, ప్రత్తి, ఆముదము, వేరుసెనగ, చేమ, టమాట, క్యాబేజీ మున్నగు అనేక పంటలను తినును. రెక్కలపురుగు గోధుమవన్నె గలది. ముందురెక్కలపై తెల్లని వంకరగీతలు గలవు. ఇది ఆకు అడుగున రెండు మూడువందల గ్రుడ్లు ఒక్కచోట పెట్టి, తన ఒడలి గోధుమరంగు నూగుతో కప్పును. అది చూపునకు చిన్న ఊలు ముద్దవలె నుండును. పిల్లలు మొదటి నాలుగైదు దినములు గుంపుగా నుండి ఆకును గీకును. తరువాత విడిపోయి, బలిసి, పగలు మట్టిలో దాగి రాత్రి మేయును. కోశదశయు మట్టిలోనే గడుపును.

ఈ పురుగునకు ఆముదపు ఆకు మిక్కిలి ప్రీతి. ఈ ప్రీతియే దాని పట్టుకొను ఉపాయము. తోట చుట్టును అచ్చటచ్చట ఆముదపు మొక్కలు వేసినచో రెక్కలపురుగులు వాటిపై ఎక్కువగా గ్రుడ్లు పెట్టును. మూడు దినముల కొకసారి ఆ మొక్కలను చూచి, గ్రుడ్ల ముద్దలున్న ఆకులను, జల్లెడయైన ఆకులను త్రుంచి నాశనము చేయవలెను. ఆముదము వేసి చూడక విడిచిపెట్టుట శత్రువునకు అన్నము పెట్టి పెంచుటయే యగును. బలిసి విడిపోయిన పురుగులకై సాయంకాలము మొక్కల నడుమ అరటిబోదె ముక్కలుగాని, తడిపిన గోనెపట్టలుగాని పఱచినచో, తెల్లవారినపిదప అవి వాటి క్రింద చేరియుండును, ఎత్తి ఏఱివేయవచ్చును.

క్యాబేజీ వజ్రపు రెక్కల పురుగు: పిల్లపురుగు లేత ఆకుపచ్చ రంగుతో, రెండు కొనలును సన్నగిల్లి, అర అంగుళమునకు మించకుండును. తాకినంతనే వడిగా మెలికలు తిరిగి, దారముపై వ్రేలాడును. రెక్కలపురుగు రెక్కలు ముడిచినపుడు వీపుపై వజ్రపు బిళ్ళలవంటి గుర్తులు వరుసగా కనబడును. దీనిని గూర్చి రైతులు ఒక సంగతి ముఖ్యముగా నెఱుగవలెను. ఇది విషములకు అలవాటుపడుటలో అగ్రగణ్యము. 1953లోనే జావాద్వీపమున ఇది డి.డి.టి.కి లొంగుట మానినట్లు ప్రకటింపబడినది. ఒకే మందును మరల మరల చల్లినపుడు దుర్బలములైన పురుగులు చచ్చి, తట్టుకొనగలవి మాత్రమే మిగిలి సంతానము పెంచును. కొంతకాలమునకు మందు ఖర్చు మిగులును, పురుగును మిగులును. ఆవాలమొక్కను ఎరపంటగా వేయుట దీనికి మంచి ఉపాయము. క్యాబేజీ ఇరువదియైదు వరుసలకు ఒక జత ఆవాల వరుసలు వేయు పద్ధతి కలదు. క్యాబేజీ నాటుటకు పండ్రెండు పదునైదు దినములు ముందు ఒక వరుసను, నాటిన ఇరువదియైదు దినములకు రెండవ వరుసను విత్తుదురు. పెరటిలో మడిచుట్టును ఇట్లే రెండు విడతలుగా విత్తిన చాలును. పురుగు ఆవాలపై చేరినపుడు అచ్చటనే దానిని నాశనము చేయవలెను.

ముల్లంగి, ఆవాల రంపపుపురుగు: చలికాలపు పురుగు. నల్లని ఆకుపచ్చ రంగు. గొంగళిపురుగునకు పొట్టక్రింద అయిదు జతలకు మించి కాళ్ళుండవు. దీనికి ఎనిమిది జతలుండును. తాకినచో చుట్టుకొని చచ్చినట్లు క్రింద పడును. ఉదయమున, సాయంకాలమున మేయును గనుక ఆ వేళలందు నీటిపళ్ళెము క్రింద పట్టి మొక్కను దులిపిన చాలును.

బెండ ఆకుచుట్టు పురుగు, తోటకూర ఆకుగూడు పురుగు, పొట్ల దాసరిపురుగు: మొదటి రెండును తాము కట్టుకొనిన ఇంటిలోనే దొరకును. చుట్టుకొనిన ఆకును, గూడు కట్టిన కొసను విప్పిచూడక అట్లే త్రుంచి నలుపవలెను. విప్పినచో పురుగు జారి తప్పించుకొనును. దాసరిపురుగు నడుము ఎత్తి, కొలిచినట్లు నడచును. ఇది పొట్ల ఆకు అంచును కోసి, ముడిచి, లోపల దాగును. దీనిని ఏఱుట సులభము.

మునగ గొంగళిపురుగు: వానలు పడిన పిమ్మట బొచ్చుగల గొంగళ్ళు గుంపులుగా బయలుదేరి, ఆకులు తినుచు బెరడును గీకును. పగలు మ్రానుపై ఒక్కచోట గుమిగూడును. ఆ సమయమున కాగడాతో కాల్చవచ్చును. మంటను ఒక్కచోట నిలుపక, బెరడు మాడకుండ కదలించుచుండవలెను. ఇల్లు, గడ్డివామి దాపున మంట వాడరాదు. అచ్చట చీపురుతో సబ్బునీటి తొట్టిలోనికి ఊడ్చివేయవలెను. దీని బొచ్చు తగిలిన చర్మము దురదపెట్టి వాచును గనుక వట్టిచేతులతో ముట్టరాదు.

కరివేప, నిమ్మ పురుగు: లేతవయస్సున ఇది పక్షిరెట్టవలె నలుపు తెలుపు కలిసి యుండుటచే చాలమంది పోల్చరు. పెరిగి ఆకుపచ్చనగును. తాకినచో తలవెనుకనుండి కమలారంగు కొమ్ములు చాచి, ఘాటైన వాసన విడుచును. దానివలన మనుష్యునకు హాని లేదు. చిన్న చెట్లకు ఏఱుటయే చాలును.

నత్తలు: వానకాలమున విజృంభించును. రాత్రి దీపముతో ఏఱి ఉప్పునీటిలో వేయవలెను. వట్టిచేతులతో పట్టరాదు, కొన్నిటియందు మనుష్యులకు వ్యాధి కలిగించు సూక్ష్మమైన నులిపురుగు లుండును. మడిచుట్టును పొడిసున్నము జానెడు వెడల్పున చల్లినచో దాటజాలవు; తడిసినచో దాని గుణము పోవును.

4. మిత్రులను చంపరాదు

తోటలో కనబడు ప్రతి పురుగును శత్రువు కాదు. అక్షింతల పురుగును పోలిన రూపముతోనే మఱియొక పెంకుపురుగు కలదు. అది ఆకు తినదు. పేనుబంకను తిని బ్రతుకును. పెద్దదియు, పిల్లయు దినమునకు పేనుబంక పురుగులను పదులకొలది తినును. ఈ రెంటిని పోల్చుకొనలేక మిత్రుని నలిపివేయుట సాధారణమైన తప్పు.

భేదము ఇట్లు తెలియవలెను. ఆకు తినుదాని వీపు సన్నని నూగుతో మసకగా నుండును. మిత్రుని వీపు అద్దమువలె మెఱయును. ఆకు తినుదాని పిల్ల పసుపువన్నెతో, కొమ్మలుగల ముండ్లతో మెల్లగా కదలును. మిత్రుని పిల్ల నల్లగానో బూడిదవన్నెగానో యుండి, పొడుగైన కాళ్ళతో వడిగా పరుగెత్తును. గ్రుడ్లు మాత్రము రెంటివియు పసుపుపచ్చనివే, నిలువుగా నుండునవే. కావున గ్రుడ్లను చూచినంతనే తీర్పు చెప్పరాదు. పేనుబంక యున్న ఆకుపై గ్రుడ్లు కనబడినచో వాటిని విడువవలెను. పేనుబంక లేక, ఆకులు జల్లెడయైన మొక్కపై కనబడినచో త్రుంచవలెను.

మఱికొన్ని మిత్రజాతులు గలవు. గొంగళిపురుగు వీపుపైనో ప్రక్కనో బియ్యపుగింజలవంటి తెల్లని, పసుపువన్నె చిన్నగూళ్ళు కనబడినయెడల ఆ పురుగును చంపవలదు. సన్నని కందిరీగ తన పిల్లలను దాని ఒడలిలో పెంచెను. ఆ పురుగు ఎట్లును బ్రతుకదు, ఆ గూళ్ళనుండి వెలువడు కందిరీగలు మఱికొన్ని పురుగులను వెదకి పట్టును. గ్రుడ్లలోపలనే గ్రుడ్లుపెట్టి నాశనము చేయు అతిసూక్ష్మమైన కందిరీగలును గలవు. సాలెపురుగు, గొల్లభామ, తొండ, కప్ప, గోరువంక, పిచ్చుక రైతునకు కూలి అడుగని పనివారు. తీవ్రమైన విషము చల్లినపుడు ముందుగా చచ్చునవి ఇవియే. శత్రువులు తిరిగి పుట్టుకవచ్చునప్పటికి వాటిని తిను మిత్రులు లేకపోవుటచే రెండవమారు పురుగు మొదటిదానికంటె హెచ్చుగా వచ్చును.

5. వేపగింజల కషాయము

వేప పురుగును తక్షణము చంపు విషము కాదు. వేపగింజయందలి చేదు పదార్థములు తగిలిన ఆకును పురుగులు తినుటకు వెనుదీయును; తినినవి సరిగా ఎదిగి కుబుసము విడువలేక నశించును. 1962లో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ పొలములపై ఎడారిమిడుతల దండు దిగినపుడు, ప్రధాన్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును వేపగింజల పప్పును నీట కలిపి చల్లించిరి. చల్లిన పైరును మిడుతలు తినక విడిచెను. పల్లెలలో ధాన్యమున వేపాకు వేయు ఆచారమునకు శాస్త్రము చెప్పిన సాక్ష్యమిది.

తయారుచేయు విధము: మృగశిర, ఆరుద్ర కార్తెలలో రాలు వేపపండ్లను ఏఱి, గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి, గాలి ఆడు గోనెసంచిలో నిలువచేయవలెను. బూజుపట్టినవియు, ఎనిమిది నెలలు దాటినవియు పనికిరావు. పది లీటర్ల మందునకు 500 గ్రాముల గింజలపప్పు వలయును. దానిని మెత్తని చమురు కారకుండ ముతకగా దంచి, పలుచని గుడ్డలో మూటకట్టి, ఒక లీటరు నీటిలో రాత్రియంతయు నాననీయవలెను. ఉదయమున ఆ మూటను పలుమారులు పిండినచో నీరు పాలవలె నగును. రెండు మడతల గుడ్డలో వడగట్టి, మిగిలిన నీరు చేర్చి పది లీటర్లు చేసి, 10 గ్రాముల సబ్బుపొడిని వేఱుగా నీట కరగించి కలుపవలెను. సబ్బు లేనిచో మందు ఆకుపై నిలువక జారిపోవును.

చల్లు విధము: ఎండవలన దీని గుణము త్వరగా తగ్గును గనుక సాయంకాలము చల్లవలెను. పురుగులు అడుగుభాగమున నుండును గావున ఆకు అడుగు తడియవలెను. తయారుచేసిననాడే వాడవలెను. వారము పదిదినములకు ఒకమారు, వాన కురిసినయెడల మరల చల్లవలెను. చిన్న పురుగులపై పనిచేసినట్లు బలిసిన పురుగులపై పనిచేయదు. వాటిని చేతితోనే ఏఱవలెను. చల్లిన ఆకుకూరలను నాలుగైదు దినములు కోయక, పిదప చక్కగా కడిగి వండవలెను. లేనిచో చేదు తగులును.

6. పురుగులకు రోగము కలిగించు సూక్ష్మజీవి

1901లో జపానుదేశమున ఇషివాటా అను శాస్త్రజ్ఞుడు పట్టుపురుగులను చంపు ఒక సూక్ష్మజీవిని కనుగొనెను. 1911లో జర్మనీదేశమున బెర్లినర్ అను నతడు దానినే పిండిపురుగునందు చూచి, తురింజియా ప్రాంతమును బట్టి దానికి పేరు పెట్టెను. దాని పొడి నేడు బి.టి. అను పేర అంగళ్ళలో దొరకును. గొంగళిజాతి పురుగు దీనిని ఆకుతో కలిపి తినినచో, దాని ప్రేగు చెడి కొద్దిగంటలలో మేత మానును. రెండు మూడు దినములకు చచ్చును. చల్లిన దినముననే పురుగు చావలేదని రైతు మరల విషము చల్లరాదు. మేత మానెనా లేదా యని చూడవలెను.

పెంకుపురుగులపై గొంగళ్ళకొఱకైన యీ పొడి పనిచేయదు. వంగ అక్షింతల పురుగునకు దీనిని కొనుట వృథావ్యయము. గుర్తెఱుగుటవలని లాభమునకు ఇది యొక నిదర్శనము. పెట్టెపై వ్రాసిన మోతాదున నీట కలిపి సాయంకాలము చల్లవలెను. పట్టుపురుగులు పెంచు ఇంటిదాపునను, మల్బరీతోటదాపునను దీనిని వాడరాదు. దీనినే ఎడతెగక వాడుటయు తగదు; 1990 నాటికి హవాయి ద్వీపములలో వజ్రపు రెక్కల పురుగు దీనికిని అలవాటుపడినట్లు తేలినది.

7. విషములను గూర్చి హెచ్చరిక

పూర్వము వ్యవసాయ పుస్తకములలో ఆకుతిను పురుగులకు సీసపు పాషాణము చల్లుమని వ్రాయుచుండిరి. సీసమును పాషాణమును మట్టిలో ఏండ్లతరబడి నిలుచునని తెలిసి అది మానబడినది. పిదప డి.డి.టి. వచ్చెను, భారతదేశమున 1989లో వ్యవసాయమునందు దాని వాడుక నిషేధింపబడెను. మోనోక్రోటోఫాస్ అను మందును కూరగాయలపై వాడరాదని 2005లో నిషేధించిరి. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపివేసెను. ఒక్కొక్క తరమువారు మేలని నమ్మిన మందే తరువాతి తరమువారికి కీడని తేలినది. ఈ చరిత్రమును తలచినయెడల, పెరటితోటలో విషము కడపటి మార్గమే కాని మొదటి మార్గము కాదని స్పష్టమగును.

చేతితో ఏఱి, వేప చల్లి, బి.టి. వాడినను లొంగని పక్షమున, వ్యవసాయాధికారితో ఆలోచించి, ఆ కూరకు అనుమతింపబడిన మందునే కొనవలెను. డబ్బాపై త్రికోణపు గుర్తు రంగును చూడవలెను. ఎఱుపు అత్యంత విషము, పసుపు ఎక్కువ విషము, నీలము మధ్యమము, ఆకుపచ్చ తక్కువ విషమునకు గుర్తులు. ఆకుపచ్చ గుర్తుగలదియు విషమే యని మఱువరాదు. చల్లిన పిమ్మట ఎన్నిదినములు కాయ కోయరాదో డబ్బాపై వ్రాయబడియుండును. ఆ గడువు పూర్తియగువఱకు ఇంటివారందఱకు తెలియునట్లు మడియొద్ద గుర్తు కట్టవలెను. తోటకూర, పాలకూర, కొత్తిమీర వంటి ఆకుకూరలకు ఆకే ఆహారము గనుక వీటిపై విషము చల్లకుండుటయే క్షేమము. పురుగు మితిమీరినచో ఆ మడిని పీకి, పశువులకు వేసి, మరల విత్తుట చౌక.

ప్రత్తికి తెచ్చిన మందును కూరకు వాడరాదు. మందును త్రాగునీటి సీసాలోనికి, నూనెడబ్బాలోనికి పోయరాదు. పిల్లలకు అందనిచోట తాళమువేసి యుంచవలెను. చల్లునపుడు గాలికి ఎదురుగా నడువరాదు, నోరు, ముక్కు, చేతులు కప్పుకొనవలెను, పొగ త్రాగరాదు. ఎవరికైనను తలతిరుగుట, వాంతి, చూపు మసకబాఱుట కలిగినయెడల నాటువైద్యముతో కాలము గడుపక, మందుడబ్బాను కూడ తీసికొని వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. డబ్బాపైని పేరును బట్టియే వైద్యుడు విరుగుడు నిర్ణయించును.

8. వారపు క్రమము

పైన చెప్పినదంతయు ఆచరణలో కొద్దిపనియే. వారమునకు రెండు ఉదయములు, అరగంటసేపు, ఒక డబ్బాలో సబ్బునీరు పట్టుకొని తోటలో తిరుగవలెను. ప్రతి మడిలో అయిదాఱు మొక్కల ఆకులను అడుగువైపు త్రిప్పి చూడవలెను. గ్రుడ్ల ముద్దలను, జల్లెడ ఆకులను, చుట్టుకొనిన ఆకులను అప్పుడే త్రుంచవలెను. ఈ పని ఇంటి ఆడవారికిని, బడిపిల్లలకును నేర్పినచో మిక్కిలి చక్కగా జరుగును. చిన్నవారి చూపు పెద్దవారి చూపుకంటె సన్నము. మడిలో కలుపు, రాలిన ఆకులు, ముదిరిన మొక్కలు నిలువనీయరాదు. ఒకే మడిలో వంగ తరువాత వంగ, క్యాబేజీ తరువాత క్యాబేజీ వేయక, పంటను మార్చవలెను. లేతమొలకలను, ఆకుకూరలను శ్రద్ధగా కాపాడవలెను. పెరిగిన వంగచెట్టునకు, బెండచెట్టునకు నాలుగు ఆకులు చిల్లులుపడినంతమాత్రమున కాపు తగ్గదు. అందులకై కంగారుపడవలసిన పని లేదు.

మచ్చలేని ఆకు సంతలో చూపునకు అందమే. పెరటితోటలో మాత్రము ఒకటి రెండు చిల్లులు గల తోటకూరకట్ట విషము చల్లబడలేదనుటకు సాక్ష్యమై యుండును. కావున రైతులు పురుగును చూచినంతనే మందుసీసా కొఱకు పోక, ముందుగా ఆకును త్రిప్పి చూచి, శత్రువెవరో మిత్రుడెవరో యెఱిగి, తగిన ఉపాయమును తగిన వేళయందు అవలంబించి, తమ కుటుంబములకు నిర్దోషమైన కూరను సంపాదించుకొందురుగాక.